మాంసం లేని రోజున కూడా కడుపు నిండాలంటే

మీ ఇంట్లో ఐదుగురు. వారంలో ఐదు రోజులు మాంసం ఉండాల్సిందే. ఖర్చు మోయలేక మూడు రోజులు వెజ్ చేద్దామంటే ఎవరికీ ఆనడం లేదు, రాత్రి ఎనిమిదికి తిన్నవాళ్లు పదింటికి ఫ్రిజ్ తలుపు తీస్తున్నారు అని రాశారు. పోయిన వారం ఏం వండారో కూడా చెప్పారు కాబట్టి నాకు పని తేలికైంది: ఒకరోజు క్యాబేజీ కూర, ఒకరోజు వంకాయ, ఒకరోజు టమాటా అన్నం. మూడూ మంచి వంటలే. కానీ మూడింట్లోనూ ఆకలిని ఆపే సరుకు ఏదీ లేదు. మీ వంటలో లోపం లేదు, మీ ఇంట్లోవాళ్లది మొండితనమూ కాదు. వాళ్లకు నిజంగానే ఆకలేస్తోంది.

నేను పద్దెనిమిదేళ్లు ఒక క్యాంటీన్ వంటశాల చూసుకున్నాను. తినేవాళ్లలో ఎక్కువమంది ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, మాంసం ఇష్టపడేవాళ్లు. బడ్జెట్ తగ్గించమన్నప్పుడు వారానికి రెండు రోజులు మాంసం తీసేశాం. మొదటి నెలంతా మేమూ మీలాగే కూరగాయలు రకరకాలుగా వండాం. అన్నం మూడుసార్లు అడిగి పెట్టించుకునేవాళ్లు, అయినా సాయంత్రం నాలుగింటికి బిస్కెట్ ప్యాకెట్ల దగ్గర క్యూ ఉండేది. మాంసం ఉన్న రోజున ఆ క్యూ ఉండేది కాదు. ఆ క్యూ చూశాకే నేను కూరల పేర్లు మార్చడం ఆపి, ప్లేట్లో ఏముందో లెక్క వేయడం మొదలుపెట్టాను.

ఆ లెక్క మీరూ ఒకసారి వేయండి. ఎముక లేని పచ్చి చికెన్ 150 గ్రాములు ఒక మనిషికి వండితే అందులో ప్రొటీన్ 30 గ్రాములకు పైనే ఉంటుంది. అదే 150 గ్రాముల క్యాబేజీలో సుమారు 2 గ్రాములు. వంకాయలో ఇంకా తక్కువ. 100 గ్రాముల బియ్యం వండుకుంటే ఓ 7 గ్రాములు వస్తుంది. అంటే మాంసం ఉన్న రోజు ప్లేట్లో దగ్గర దగ్గర 40 గ్రాముల ప్రొటీన్ ఉంటే, క్యాబేజీ రోజున 10 కూడా దాటడం లేదు. కడుపు అన్నంతో ఉబ్బుతుంది, కానీ తొందరగానే మళ్లీ ఆకలేస్తుంది.

ఇప్పుడు ఎండు పప్పులు, గింజల వైపు చూడండి. మసూర్ పప్పు, రాజ్మా 100 గ్రాములకు 23, 24 గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి. శనగలు 20 లోపు. వేరుశనగలు 25. సోయా చంక్స్, మనం మీల్‌మేకర్ అంటాం కదా, అవి 50 గ్రాములకు పైగా. పప్పు, గింజల్లో మాంసంలో అసలే ఉండని పీచు కూడా దండిగా ఉంటుంది, అది కడుపులో ఎక్కువసేపు నిలబడుతుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు చెప్పాలి. మాంసమైతే ఐదుగురికి కిలో తెస్తారు. పప్పు దగ్గరకు వచ్చేసరికి అదే ఐదుగురికి ఒక చిన్న గ్లాసుడు, మహా అయితే 150 గ్రాములు, కుక్కర్లో వేసి నీళ్లు పోసి పలుచగా చేస్తారు. మనిషికి 30 గ్రాములు! అందులో ప్రొటీన్ 7 గ్రాములు. తర్వాత "పప్పు తింటే ఆనదు" అంటారు. మాంసానికి బదులుగా పప్పునో గింజల్నో పెడుతున్నప్పుడు మనిషికి 80 గ్రాముల ఎండు సరుకు లెక్కన వేయండి, ఐదుగురికి 400 గ్రాములు. ఉడికాక మనిషికి ఓ రెండు వందల గ్రాములు అవుతుంది. చూడటానికి ఎక్కువ అనిపిస్తుంది కానీ మాంసం కూర పెట్టుకునేటప్పుడు ప్లేట్లో ఉండే పరిమాణం అదే. మీరు ఈ సమాధానంలో ఇంకేమీ పాటించకపోయినా ఈ ఒక్క కొలత మార్చండి.

సోయా గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మాంసం అలవాటైన నోటికి నమలడానికి ఏదో ఒకటి కావాలి, ఆ పని అన్నిటికంటే చవగ్గా చేసేది ఇదే. ఐదుగురికి 200 గ్రాములు చాలు, మనిషికి 20 గ్రాముల ప్రొటీన్ వచ్చేస్తుంది. చాలామందికి సోయా అంటే ఇష్టం లేకపోవడానికి కారణం దాని పచ్చి వాసన, లోపల నీళ్లు నిండిన స్పాంజిలా ఉండటం. ఆ రెండూ వండే తీరులో పోతాయి.

నీళ్లు బాగా మరిగించి, కాస్త ఉప్పు వేసి, స్టవ్ కట్టేసి, చంక్స్ అందులో పోసి పది నిమిషాలు మూత పెట్టండి. వార్చి చన్నీళ్లు పోయండి. ఇప్పుడు గుప్పెడు గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. మొదటిసారి పసుపుపచ్చగా, కొంచెం నురగతో నీళ్లు కారతాయి. ఆ నీళ్లలోనే ఉంది మీకు నచ్చని వాసనంతా. మళ్లీ చన్నీళ్లలో వేసి మళ్లీ పిండండి. మూడోసారికి నీళ్లు దాదాపు తేటగా వస్తాయి, చంక్ చేతిలో తడి గుడ్డలా కాకుండా పొడిగా, బిరుసుగా తగులుతుంది. అప్పటిదాకా పిండటం ఆపకండి. లోపల నీళ్లు ఉంటే మసాలా లోపలికి వెళ్లడానికి చోటుండదు.

పెద్ద చంక్స్ అయితే రెండుగా కోయండి. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచండి. వెడల్పాటి పెనం బాగా వేడెక్కాక మూడు చెంచాల నూనె వేసి చంక్స్ ఒక్క వరుసలో పరచండి. పరిచాక రెండు నిమిషాలు గరిటె పెట్టొద్దు. అడుగు అంటుకుంటుందేమో అని టెన్షన్ పడి కదిపేస్తే రంగు రాదు. అంచులు ముదురు గోధుమరంగులోకి వచ్చాక తిప్పండి. ఇవి విడిగా వేపుడులా తినొచ్చు. లేదా మీరు మాంసం కూరకి చేసే గ్రేవీయే చేసుకుని, అందులో వేసి చిన్న మంట మీద పది నిమిషాలు ఉంచితే, నీళ్లు పిండేసిన చంక్ ఇప్పుడు నీళ్లకు బదులు మసాలాని పీల్చుకుంటుంది. కీమా ఇష్టమైన ఇంట్లో ఇదే సోయాని పిండాక మిక్సీలో రెండు తిప్పులు తిప్పి బరకగా చేసుకోండి, సగం ఉడికిన మసూర్ పప్పు గుప్పెడు కలపండి. సోయా ఒక్కటే అయితే పొడిపొడిగా ఉంటుంది, పప్పు దాన్ని పట్టి ఉంచుతుంది.

ఇక గింజలు. శనగలు, రాజ్మా, బొబ్బర్లు ఎండువి కొనండి, డబ్బాలో ఉడికించి అమ్మేవాటికంటే చాలా చవక. ఒక కప్పు ఎండు శనగలు ఉడికితే రెండున్నర నుంచి మూడు కప్పులు అవుతాయి. రాత్రి నానబెట్టేటప్పుడు లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా ఉప్పు వేయండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది అంటారు కానీ ఉప్పు నీళ్లలో నానితే తొక్క మెత్తబడుతుంది, గింజ పగలకుండా ఉడుకుతుంది. గింజను నిజంగా గట్టిగా ఉంచేది పులుపు. నేను కొత్తలో పని తొందరగా అవుతుందని టమాటాలూ రాజ్మా కలిపి ఒకేసారి పొయ్యి మీద పెట్టాను. రెండు గంటలు ఉడికినా గింజ పంటికింద టక్కుమంటూనే ఉంది, ఆ పూట వంద మందికి పైగా ఆలస్యంగా భోజనం పెట్టాల్సి వచ్చింది. గింజ వేళ్ల మధ్య నొక్కితే నలిగేదాకా ఉడికించి, ఆ తర్వాతే టమాటా, నిమ్మ వంటివి కలపండి. పాతబడిన గింజలు, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు కూడా ఉడకనివ్వవు, అలాంటప్పుడు పావుకిలో గింజలకు పావు టీస్పూన్ తినేసోడా సరిపోతుంది. ఎక్కువేస్తే సబ్బు రుచి వస్తుంది.

రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి రాజ్మాలో కడుపును బాగా పాడుచేసే లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు బాగా తెర్లేలా మరిగిస్తే అది పోతుంది. పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించేది ఆ తర్వాత. కుక్కర్లో వండితే దిగులు లేదు. కానీ తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచే స్లో కుక్కర్లో రాజ్మాని నేరుగా వేయకూడదు, ఆ వేడి చాలదు. అరకొరగా ఉడికిన రాజ్మా తిని వాంతులు, విరేచనాలు అయినవాళ్లు ఉన్నారు. ఇంకొకటి, కుక్కర్లో గింజలు, నీళ్లు కలిపి సగానికి మించనివ్వకండి, నురగ పైకి వచ్చి విజిల్ దారి మూసుకుపోతుంది.

వారానికి ఒకసారి కిలో గింజలు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు ఉంటాయి. ఫ్రీజర్‌లో అయితే ఇంకా ఎక్కువ కాలం. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజున మాంసం వండటం తేలిక అనిపించడానికి కారణం గింజలు నానబెట్టలేదు అనే కదా. ఉడికి సిద్ధంగా ఉంటే ఇరవై నిమిషాల పని.

రుచి దగ్గరికి వద్దాం. మాంసం కూరలో అందరికీ నచ్చేది ఆ ముదురు, లోతైన రుచి. అది చాలావరకు ఎర్రగా వేగడం వల్ల వస్తుంది, ఆ పని ఉల్లిపాయ కూడా చేస్తుంది. కానీ వెజ్ కూర అనగానే ఉల్లిపాయ మెత్తబడగానే కూరగాయలు వేసేస్తారు. అలా కాదు, మాంసానికి వేయించినట్టే పావుగంట పైన, ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించండి. టమాటా వేశాక నూనె పైకి తేలేదాకా కదపండి. బాగా పండిన టమాటా, పుట్టగొడుగులు, సోయా సాస్, వీటిలో గ్లూటమేట్ అనేది సహజంగా ఎక్కువ, మాంసం రుచిని గుర్తుచేసేది అదే. గింజల కూరలో ఒక చెంచా సోయా సాస్ వేసి చూడండి, వేసినట్టు ఎవరికీ తెలియదు, కానీ కూర బరువుగా అనిపిస్తుంది. ఉప్పు మాత్రం ఆ మేరకు తగ్గించాలి. పుట్టగొడుగులు చవగ్గా దొరికినప్పుడే కొనండి. వాటిలో 90 శాతానికి పైగా నీళ్లే, ప్రొటీన్ తక్కువ, కాబట్టి రుచికి గుప్పెడు వేయండి, వాటినే భోజనం అనుకోవద్దు.

నూనె పూర్తిగా తగ్గించకండి. మాంసంలో కొవ్వు ఉంటుంది, అది లేని ప్లేటు చప్పగా, తేలిగ్గా అనిపిస్తుంది. వేరుశనగలు వేయించి పొడి చేసి గ్రేవీలో వేస్తే కొవ్వూ వస్తుంది, ప్రొటీన్ వస్తుంది, చిక్కదనమూ వస్తుంది. ఐదుగురి కూరకి 100 గ్రాములు వేయండి. ఇంట్లో ఎవరికైనా వేరుశనగ పడకపోతే నువ్వులు వాడొచ్చు, వాటికీ అలర్జీ లేదని తెలుసుకున్నాకే.

బంగాళాదుంపని చాలామంది ఈ లెక్కలోంచి తీసేస్తారు, నేను తీయను. 1995లో సిడ్నీ యూనివర్సిటీలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను ఒకే కేలరీల కొలతతో మనుషులకు పెట్టి, తర్వాత రెండు గంటలపాటు కడుపు నిండినట్టు ఎంత ఉందో అడిగి రాసుకుంది. తెల్ల బ్రెడ్‌ని 100 అనుకుంటే ఉడికించిన బంగాళాదుంప 323తో అన్నిటికంటే పైన నిలిచింది. బీఫ్ 176. అదే దుంపని నూనెలో వేయించి ఫ్రెంచ్ ఫ్రైస్‌లా పెడితే 116కి పడిపోయింది. అందుకే శనగల కూరలో, సోయా కూరలో నాలుగు ఉడికిన దుంపలు పెద్ద ముక్కలుగా వేయమంటాను. ప్రొటీన్ గింజ ఇస్తుంది, నిండుదనం దుంప ఇస్తుంది. ఉట్టి దుంప వేపుడు చేసి అన్నంలో పెడితే మాత్రం మళ్లీ పదింటికి ఫ్రిజ్ తలుపే.

మీరు ఒకేసారి మూడు రోజులు పూర్తిగా మాంసం ఆపేశారు. నేనైతే మొదటి రెండు మూడు వారాలు సగం సగం చేస్తాను. కిలో మాంసం వండే కూరకి అరకిలో మాంసం, 200 గ్రాముల శనగలు. కీమాలో సగం మసూర్ పప్పు. ఎముకలు ఉడికించిన నీళ్లలో గింజలు ఉడికించడం. ఖర్చు అక్కడే దాదాపు సగానికి దిగుతుంది, గోల ఉండదు. దీనిలో ఇంకో లాభం ఉంది: గింజల్లోని ఐరన్‌ని శరీరం తక్కువగా తీసుకుంటుంది, పక్కన కాస్త మాంసం ఉంటే ఎక్కువ తీసుకుంటుంది. మాంసం లేని రోజున ఆ పని నిమ్మరసం చేస్తుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగే అలవాటుంటే ఒక గంట ఆగమనండి, అవి ఐరన్‌ని అడ్డుకుంటాయి.

పప్పులో ప్రొటీన్ పూర్తిగా ఉండదంట కదా అని అడుగుతారు. పప్పులో తక్కువైనది బియ్యం, గోధుమల్లో ఉంటుంది, వాటిలో తక్కువైనది పప్పులో ఉంటుంది. రోజు మొత్తంలో రెండూ తింటే చాలు, ఒకే పూటలో కలపాలన్న నియమం లేదు. బి12 మొక్కల్లో దొరకదు, నిజమే. కానీ మీరు మిగతా రోజుల్లో మాంసం తింటున్నారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండదు. గ్యాస్ సంగతి మాత్రం వస్తుంది. గింజలు అలవాటు లేని కడుపుకి ఒక్కసారిగా 80 గ్రాములు పెడితే ఉబ్బరం ఖాయం. మొదటి వారం 40తో మొదలుపెట్టి మిగతాది సోయాతో నింపండి, నానబెట్టిన నీళ్లు పారబోయండి, మెత్తగా ఉడికించండి. రెండు మూడు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. మసూర్ పప్పు, పెసరపప్పు తేలిగ్గా అరుగుతాయి కాబట్టి పెద్దవాళ్లకు వాటితోనే మొదలుపెట్టండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల కొలత డాక్టర్ని అడిగి పెట్టండి.

డబ్బు లెక్క వేసేటప్పుడు కిలో ధర చూడకండి. ప్యాకెట్ ధరని అందులోని ప్రొటీన్ గ్రాములతో భాగించండి. కిలో మసూర్ పప్పులో 240 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ధరని 240తో భాగిస్తే గ్రాముకి ఎంత పడుతుందో తెలుస్తుంది. మాంసం ఎముకతో కొంటే ఎముక బరువు తీసేసి లెక్క కట్టాలి. అలా వేసుకుంటే పనీర్ అంత చవక కాదని, మాంసంలా కనిపించేలా తయారుచేసి అమ్మే ఫ్రోజెన్ ప్యాకెట్లు చాలాసార్లు మాంసం కంటే ఖరీదని మీకే కనిపిస్తుంది. పొదుపు కోసం మొదలుపెట్టినవాళ్లు వాటి జోలికి పోవద్దు.

ఇంట్లోవాళ్లతో "ఈరోజు వెజ్" అని ముందే చెప్పకండి. దాచమని కాదు, అడిగితే చెప్పండి. కానీ వంటకి దాని పేరు పెట్టి పిలవండి: సోయా వేపుడు, శనగల కూర. మాంసం కూర లాంటిదే అంటే దానితో పోల్చుకుంటారు, పోల్చుకుంటే నచ్చదు. పిల్లలకు మొదటిసారి కొత్త వంట తక్కువ పెట్టండి, పక్కన వాళ్లకు తెలిసినది ఒకటి ఉంచండి.

ఈ వారం మూడు రోజులకి నా సలహా ఇది. మొదటి రోజు దుంపలతో సోయా గ్రేవీ, ఎందుకంటే నమలడానికి ఉంటుంది, గొడవ తక్కువ. ఒకరోజు మాంసం మధ్యలో రానిచ్చి, తర్వాత అరకిలో మాంసంతో శనగలు. ఆఖరున చిక్కటి మసూర్ పప్పు, దానికి వెల్లుల్లి బాగా వేసిన తాలింపు, పక్కన వేరుశనగపొడి పట్టించిన ఏదో ఒక వేపుడు. మీ క్యాబేజీ, వంకాయ అక్కడ పెట్టుకోండి, ఆ రెండూ పక్కన చాలా బాగుంటాయి. శనగలు వండే రోజుకి ముందు రాత్రి వాటిని కొలిచి నానబెట్టండి, ఉప్పు మర్చిపోవద్దు. పది గంటలకి ఫ్రిజ్ తలుపు ఎవరు తీశారో మూడు రోజులూ గమనించి మళ్లీ రాయండి, దాన్నిబట్టి కొలతలు సరిచేద్దాం.